కొలతలక్కా, మడత మిషనూ

మా పై వాటాలో ఉండే ఆవిడని వీధిలో అందరూ కొలతలక్క అంటారు. వంటగదులకి అరలూ సొరుగులూ తయారుచేసి బిగించే ఒక కార్ఖానాలో ఆవిడకి పని. ఎవరైనా కొత్త వంటగది చేయించుకోవాలనుకుంటే ముందుగా వాళ్ళ గడప తొక్కేది ఆవిడే. గోడలు కొలుస్తుంది. కిటికీ ఎంత ఎత్తులో ఉందో, నీళ్ళ గొట్టం ఎక్కడ బయటికొచ్చిందో, పొయ్యి ఎటు పెడితే గాలి తగలదో చూస్తుంది. ఆ తరవాత ఆ ఇంటి బల్ల దగ్గరే కూర్చుని, వాళ్ళు మాట్లాడుతుండగానే, వాళ్ళు అడుగుతున్న వంటగదిని కాగితం మీద గీసి చూపిస్తుంది.

ఇందులో ఏముంది అనుకోవచ్చు. ఉన్నదంతా ఆ గీయడంలోనే ఉంది. కొలతలక్క బల్లకి ఇవతల కూర్చుంటుంది, ఇంటావిడ అవతల. కాగితం మధ్యలో. బొమ్మ మాత్రం అవతలి మనిషికి నిటారుగా కనిపిస్తుంది. అంటే కొలతలక్క తనకి తలకిందులుగా గీస్తుందన్నమాట. గీతలొక్కటే కాదు, ‘సింకు’, ‘గిన్నెల అర’ అని పక్కన రాసే మాటలు కూడా అంతే. ఆవిడకి తలకట్టు కింది వైపున పడుతుంది, వరస కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. మా ఇంట్లో అటక కింద అర కోసం ఒకసారి గీసినప్పుడు నేను టీ చల్లారిపోయేదాకా నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

“ఇదెక్కడ నేర్చుకున్నావమ్మా?” అని అడిగాను.

“మా అన్న పుణ్యం బాబాయ్,” అంది. అన్న పేరు చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ పళ్ళు కొంచెం బిగుసుకుంటాయి.

వాళ్ళన్న ఒకటో క్లాసే తప్పాడు. దాంతో అన్నా చెల్లెలూ ఒకే క్లాసులో పడ్డారు. వాళ్ళ నాన్న ఆలోచించి, పిల్లలు ఇద్దరైనా క్లాసు ఒకటే కదా, పుస్తకాలు రెండు జతలెందుకని ఒక్క జతే కొన్నాడు. ఆ తెలివికి ఆయన చాలాకాలం మురిసిపోయాడట. ఇంట్లో గోడకి ఆనించిన చిన్న మడత బల్ల ఒకటి ఉండేది. అన్న ముందుగా వచ్చి పుస్తకం తన వైపు పెట్టుకుని కూర్చునేవాడు. చెల్లెలు ఎదురుగా కూర్చునేది. అ ఆల దగ్గర్నుంచి అన్నీ ఆవిడ కంటికి తలకిందులుగానే పరిచయమయ్యాయి.

“ఒకరోజు బళ్ళో టీచరు నన్ను లేపి చదవమంది బాబాయ్. పుస్తకం చేతికిచ్చింది. నేను దాన్ని తిరగేసి పట్టుకుని గడగడా చదివేశాను. క్లాసంతా పగలబడి నవ్వింది. టీచరు లాక్కుని సరిగ్గా తిప్పి ఇచ్చింది. నేను మళ్ళీ తిరగేశాను. వెటకారం చేస్తున్నాననుకుని చెవి మెలిపెట్టింది. అదిగో, ఆ వెనక బెంచీలోంచి అందరికంటే గట్టిగా నవ్వింది ఎవరనుకున్నారు? మా అన్నే!”

ఆ అన్న ఇప్పుడు బస్సు నడుపుతున్నాడు. చెల్లెలు ఆ చెవి నొప్పి మరిచిపోలేదు కానీ, ఆ విద్యతోనే అన్నం తింటోంది. ఆవిడ గీసిన కాగితం చూశాక ఇంకో కార్ఖానాకి వెళ్ళిన ఇల్లు చాలా తక్కువ. తమ వంటగది తమ కళ్ళ ముందు, తమ వైపే తిరిగి పుడుతుంటే ఎవరికి ముచ్చటగా ఉండదు?

ఇలా ఉండగా ఒక సాయంత్రం మెట్ల మీద ఆవిడ అడుగులు దబదబా వినిపించాయి. మామూలుగా చెప్పుల చప్పుడు కూడా రాని మనిషి. తలుపు తీసి చూస్తే భుజానికి కొత్త నల్ల సంచీ, మొహంలో నిప్పులు.

“బాబాయ్, ఇదేంటో చూడండి,” అని మా గుమ్మంలోనే సంచీ విప్పింది.

లోపల పల్చటి ల్యాప్‌టాప్. మూత తెరిచింది. మామూలు ల్యాప్‌టాప్‌లాగే పైన తెర, కింద అక్షరాల మీటలు. ఆ మూతని ఇంకా వెనక్కి వంచింది. విరిగిపోతుందేమోనని నేను చెయ్యి అడ్డం పెట్టాను. విరగలేదు. మూత వెనక్కి తిరుగుతూ తిరుగుతూ వెళ్ళి కింది భాగానికి వీపు వైపు నుంచి అతుక్కుంది. ఇప్పుడది ల్యాప్‌టాప్ కాదు, పలక. దానితో ఒక పెన్ను కూడా ఇచ్చారు. తెర మీదే రాసుకోవచ్చట.

“బాగుందే!” అన్నాను నేను. నాకు బందులన్నా కీళ్ళన్నా చిన్నప్పటి నుంచి సరదా.

“మీరు కూడానా?” అని ఆవిడ సంచీ మూసేసింది.

సంగతేమిటంటే, కార్ఖానా యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన కూతురి మొగుణ్ణి పనివాళ్ళంతా అల్లుడుగారు అంటారు. టీ తెచ్చే మనిషికీ ఆయన అల్లుడుగారే, సరుకు దింపే లారీ డ్రైవరుకీ అల్లుడుగారే. మంచివాడు, చురుకైనవాడు, కొత్త వస్తువు కనిపిస్తే ఆగలేడు. ఇకమీదట ఇళ్ళ దగ్గర కాగితాలు వద్దు, ఈ మడత మిషన్ల మీదే గీయాలి అన్నది ఆయన ఆలోచన. కొలతలకి వెళ్ళేవాళ్ళు కార్ఖానాలో ఇంకా కొందరున్నా, ముందు ఒకదాన్ని కొలతలక్క చేతికిచ్చి, కొన్నాళ్ళు వాడి ఎలా ఉందో చెప్పమన్నాడు.

“అక్కా, మీరు బాగుందంటే అందరూ వాడతారు,” అన్నాడట నవ్వుతూ. “ఒకవేళ మీకు దీంతో కుదరదనుకోండి, ఏం ఇబ్బంది లేదు. ఫోన్ల గదిలో కూర్చుందురుగాని. ఎండలో తిరిగే బాధ తప్పుతుంది.”

ఫోన్ల గది అంటే కిటికీ లేని చిన్న గది. గోడల పొడవునా రంగురంగుల లామినేటు ముక్కలు పేర్చి ఉంటాయి, ఎప్పుడూ జిగురు వాసన. అక్కడ కూర్చునేవాళ్ళు రోజంతా ‘తలుపు బిగుసుకుపోయింది’, ‘సొరుగు జారట్లేదు’ అనే ఫిర్యాదులు వింటూ ఉంటారు. ఎదురుగా మనిషి ఉండడు. బల్ల ఉండదు. తలకిందులుగా గీసి చూపించడానికి అవతల ఎవరూ ఉండరు.

“నన్ను ఇళ్ళకి పంపకపోతే నేనెవర్ని బాబాయ్?” అంది. అప్పుడు మాత్రం గొంతులో కోపం లేదు. ఒక్క క్షణమే. వెంటనే మళ్ళీ వచ్చేసింది. “బాధ తప్పుతుందట! ఎండ బాధని ఆయనకెవరు చెప్పారు? నేను చెప్పానా?”

ఆ రాత్రి నుంచి పై వాటాలో యుద్ధం మొదలైంది. వాళ్ళాయన మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే మనిషి, నెమ్మదస్తుడు. మిషన్ని అటూ ఇటూ మడిచి చూసి, “ఈ బందు లోపల ఎలా ఉంటుందో! విప్పి చూడనా?” అన్నాడట.

“దాని మీద స్క్రూడ్రైవరు పెట్టావంటే నీ బందులు ఊడతాయి!” అన్న మాట నాకు కింద గదిలోకి స్పష్టంగా వినిపించింది.

మర్నాటి నుంచి రోజూ మెట్ల మీద ఆగి నాకు ఒక ఫిర్యాదు చెప్పి గానీ పైకి వెళ్ళేది కాదు. నేనూ కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని కూర్చునేవాణ్ణి. ల్యాప్‌టాప్‌గా ఉన్నంతసేపూ పర్లేదట, బిల్లులు టైపు చేసుకోవడానికి పనికొస్తుందట. పలక చేశాకే తంటా. ఒంటిచేత్తో పట్టుకుంటే మణికట్టు లాగేస్తుంది. వెనక వైపు వేళ్ళకి మీటలు తగులుతుంటాయి. నొక్కినా ఏమీ కాదు, అవి అప్పటికి పనిచెయ్యవని అల్లుడుగారు చెప్పాడు కూడా. అయినా సరే, వేళ్ళ కింద ఏవో బొడిపెలు దిగబడుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. తెర మీద ట్యూబులైటు నీడ, దాని కింద తన మొహం, ఆ మొహం మీద వంటగది. కాసేపు గీస్తే ఒళ్ళో జ్వరం వచ్చిన పిల్లని పెట్టుకున్నట్టు వేడెక్కుతుంది. పెన్ను పక్కన అయస్కాంతంతో అతుక్కుంటుందన్నారు, సంచీలోంచి తీసిన ప్రతిసారీ ఊడి దొర్లుతుంది.

“పెన్సిలు పారేసుకుంటే పక్క కొట్లో ఇంకోటి కొనుక్కుంటాను. ఈ పెన్ను పోతే? నన్నమ్ముకోవాలి!”

ఇవన్నీ పైపై కోపాలు. అసలు కోపం వేరే ఉంది. ఆ సంగతి చెప్పిన రోజు ఆవిడ మెట్టు మీద కూర్చునే ఓపిక కూడా లేక నిలబడే చెప్పింది.

“ఇది తిరుగుతుంది బాబాయ్.”

“మూత తిరుగుతుందిగా, చూశాను.”

“మూత కాదు. బొమ్మ! లోపల బొమ్మ తిరుగుతుంది. నేను పలకని కొంచెం నా వైపు వాల్చి పట్టుకుని ఎదుటివాళ్ళ కోసం తలకిందులుగా గీస్తానా, ఇది ‘అయ్యో పాపం, నీకు తలకిందులుగా ఉందే’ అని మొత్తం తిప్పేసి నాకు సరిచేస్తుంది. సరిచెయ్యమని ఎవరడిగారు దీన్ని? సరే అని మళ్ళీ తిరగేసి గీస్తాను. మళ్ళీ తిప్పుతుంది. ఆ టీచరు పుస్తకం లాక్కుని తిప్పిచ్చింది చూశారూ, అచ్చం అలా! చెవి మెలిపెట్టడం ఒక్కటే తక్కువ.”

నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆవిడ కళ్ళు తడిసి ఉన్నాయి. ఎంతో కాలంగా తనకంటూ ఉన్న ఒక్క విద్యనీ ఒక మిషను తప్పు కింద లెక్కేసి దిద్దుతుంటే ఎవరికి మాత్రం కడుపు మండదు? పోనీ అల్లుడుగారిని అడగరాదా అన్నాను. “అడిగితే కుదరట్లేదనుకుంటాడు. కుదరట్లేదంటే ఫోన్ల గది. చస్తే అడగను,” అంది.

ఆ తరవాత వెళ్ళిన ఇంట్లో జరిగింది ఆవిడ చెప్పగా విన్నదే. కానీ అభినయంతో సహా చెప్పింది కాబట్టి చూసినట్టే రాస్తున్నాను.

అది మూడో అంతస్తులో ఇరుకైన ఇల్లు. బల్ల గోడకి ఆనించి ఉంది, మూడు వైపులే కూర్చోవచ్చు. ఇవతల కొలతలక్క. ఎదురుగా అత్తగారు, పెద్ద గొంతు మనిషి. పక్క వైపు, బల్ల అంచున, కోడలు. ఆవిడ సగం కుర్చీలో ఉంది, సగం వంటింటి వైపు ఉంది. మాటలన్నీ అత్తగారివే. పొయ్యి ఇక్కడ, గిన్నెల అర అక్కడ, సింకు ఎక్కడుందో అక్కడే, గొట్టం అక్కడే ఉంది కాబట్టి. కొలతలక్క కూడా అలవాటుగా అత్తగారి వైపు నిటారుగా ఉండేట్టు గీయడం మొదలుపెట్టింది. మాట్లాడేవాళ్ళ వైపే గీయడం ఆవిడ పద్ధతి.

మిషను దాని పద్ధతి అది మొదలుపెట్టింది.

“ఇదేంటమ్మా, నా పొయ్యి అటు పోయింది?” అంది అత్తగారు.

“అది బొమ్మ తిరిగిందండీ. ఒక్క నిమిషం.”

“మళ్ళీ పోయింది. నా పొయ్యి గుండ్రాలు తిరుగుతోందేంటి?”

“పొయ్యి ఎక్కడికీ పోదండీ, ఉండండి.”

“మొన్న మా చుట్టాలింటికి నువ్వే వచ్చావట కదా. కాగితం మీద ఎంత చక్కగా గీసిందో అని వాళ్ళు ఒకటే పొగడ్త. ఆవిడవేనా నువ్వు?”

ఆ మాటతో కొలతలక్కకి నషాళానికి అంటింది. “ఆవిడనే! ఇదిగో, ఇది నన్ను ఆవిడలా ఉండనివ్వట్లేదు!” అని మిషన్ని విసురుగా ముందుకి తోసేసింది. అది జారుకుంటూ వెళ్ళి అత్తగారి కళ్ళజోడు డబ్బా మీదికి ఒక అంచు ఎక్కి ఆగింది. ఆగినప్పుడు పక్కకి వాలి, అంటే కోడలి వైపుకి వాలి ఆగింది. బొమ్మ ఒక్కసారి పల్టీ కొట్టి కోడలి వైపు నిటారుగా నిలబడింది.

కొలతలక్క మిషన్ని వెనక్కి లాక్కోబోయింది. అంతలో కోడలు మెల్లిగా, “ఇది సింకా అండీ?” అంది.

“అవునమ్మా.”

“దీనికి ఎడమ పక్కన ఉన్నది గోడేనా?”

“గోడే.”

“అయితే ఇప్పుడున్నట్టే ఉంటుందా ఇది కూడా?”

“అక్కడే ఉంటుందని చెప్తున్నాగా,” అంది అత్తగారు.

కోడలు ఎడమ చెయ్యి పైకెత్తి, మోచెయ్యి కొలతలక్క వైపు తిప్పి చూపించింది. మోచేతి బొడిపె మీద చర్మం నల్లగా మొద్దుబారి ఉంది. “నాది ఎడమచేతి వాటం అండీ. గిన్నె తోమినప్పుడల్లా గోడకి తగులుతుంది.”

కొలతలక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. సింకు పక్కన గోడ మీద అరచేతి వెడల్పు మరక ఒకటుంది. ఇందాక గోడ కొలిచినప్పుడు దాన్ని చూసింది. తేమ అనుకుంది. అక్కడ చెక్క వెయ్యకూడదని మనసులో అనుకుని వదిలేసింది కూడా. ఇప్పుడు ఆ మరక మీద వేలు పెడితే పొడిగా, నున్నగా, అరిగి ఉంది.

వెనకనుంచి అత్తగారి గొంతు. “ఇన్నాళ్ళూ చెప్పలేదేంటే?”

“చెప్తే గొట్టం అక్కడే ఉందంటారుగా అత్తయ్యా.”

“అంటాను. గొట్టం అక్కడే ఉంది కదా మరి! అంటే మాత్రం, నాలుగు మాట్లు చెప్పాలి. నేను ఒక్క మాటకే వినే మనిషినా? నీకు తెలీదా?”

అత్తగారి కోపంలో సగం కోడలి మీద, సగం తన మీదే అని కొలతలక్కకి అర్థమైంది. తిరిగొచ్చి కూర్చుని, గొట్టాన్ని మూరెడు పొడిగించి సింకు పక్కకి జరపొచ్చని చెప్పింది. “ఎక్కడికి జరపమంటారో చెప్పండి,” అని పెన్ను అందుకోబోతే అది బల్ల మీద లేదు. కోడలి ఎడమ చేతిలో ఉంది.

“నా మానాన నేను కూర్చుని ఉంటే, నా పెన్ను తీసేసుకుంది బాబాయ్!” అంది కొలతలక్క నాకు చెప్తూ. “ఇన్ని ఇళ్ళు తిరిగాను. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నా పెన్సిలు ముట్టుకోలేదు. నా గీత చూశాక ఎవరికైనా ధైర్యం వస్తుందా? ఈ పిల్ల గీసింది. వంకరగా గీసింది. సింకుని మామిడికాయలా గీసింది! నచ్చక చెరిపేసింది, మళ్ళీ గీసింది. చెరిపితే మరక కూడా పడదుగా ఆ దిక్కుమాలిన దాని మీద. అలా చెరిపి గీసి, చెరిపి గీసి, మొత్తానికి కిటికీ కిందికి తెచ్చి పెట్టింది. అత్తగారు లేచి వచ్చి కోడలి వెనక నిలబడి, ‘గిన్నెల అర నా చేతికి అందేట్టు పెట్టవే’ అంటోంది. ఇద్దరూ అటు వైపు. నేనొక్కదాన్నే ఇటు. ఇంక నాకు బొమ్మ కనబడితే ఒట్టు!”

“కోపమొచ్చిందా?”

“రాదా మరి!” అంది. కాసేపు మెట్ల కమ్మీ మీద గోటితో గీసింది. తరవాత, నన్ను అడుగుతోందో తనని తాను అడుగుతోందో తెలీకుండా, “బాబాయ్, ఇన్నేళ్ళుగా నేను బల్లకి ఎదురుగా ఉన్నవాళ్ళ వైపే గీశాను. పక్కన కూర్చున్నవాళ్ళకి ఏం కనిపించి ఉంటుంది?” అంది.

నా జవాబు కోసం ఆగకుండా పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు తన మాట చెప్పడానికి కార్ఖానాకి వెళ్ళింది. పెద్దాయన ఇంకా రాలేదు. ప్లైవుడ్ కొత్త సరుకు వచ్చిందేమో చూద్దామని సామాన్ల గదిలోకి తొంగిచూస్తే, అక్కడ లామినేటు షీట్ల వెనక అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి పెట్టె మీదా మడత మిషను బొమ్మ. ఆవిడ ఇంకా నోరు విప్పకముందే అందరికీ కొనేశారు!

అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు లేదూ ఇది? ఈ ముక్క రాస్తుంటే నాకే రక్తం మరుగుతోంది, ఆవిడ సంగతి చెప్పాలా? ఒక మనిషి మాటకి విలువ ఇస్తున్నామని చెప్పి, చేతికి వస్తువిచ్చి, నిద్ర పట్టకుండా చేసి, తీరా చూస్తే ఆ మాట ఎవరికీ అక్కర్లేదు. అక్కర్లేనప్పుడు అడగడమెందుకు? అడక్కుండా ఊరుకుంటే అది వట్టి పెత్తనం. అడిగి ఇలా చేస్తే అవమానం.

పెద్దాయన వచ్చేసరికి ఆయన గది గుమ్మంలో కొలతలక్క నిలబడి ఉంది, చంకలో మిషను. లోపల అల్లుడుగారు అప్పటికే కుర్చీలో ఉన్నాడు.

“రా అమ్మా. ఏంటి, బాగుందా?” అన్నాడు పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ.

“నేను చెప్పేదాకా ఆగనివాళ్ళకి నేనేం చెప్పను అయ్యగారూ? పెట్టెలు చూశాను.”

పెద్దాయన అల్లుడి వైపు చూశాడు. అల్లుడు కిటికీ వైపు చూశాడు. “అంటే అక్కా, పది కలిపి తీసుకుంటే తగ్గిస్తామన్నారు, ఆ గడువు అయిపోతోందని...”

“అయితే నన్ను పిలిచి, ‘అక్కా కొనేశాం, వాడు’ అని ఉండాల్సింది. వాడేదాన్ని. నా మాట కావాలన్నారుగా, ఇప్పుడు వినండి. మధ్యలో లేవకూడదు.”

లేవలేదు ఎవరూ. ఆవిడ నిలబడే కడిగేసింది. బరువు, వేడి, వేళ్ళ కింద బొడిపెలు, తెరలో మొహం, దొర్లిపోయే పెన్ను. ఎండ పడే వంటింట్లో ఏమీ కనిపించదని, తడి చేత్తో ముట్టుకుంటే గీతలు పిచ్చెక్కినట్టు పోతాయని, ఛార్జింగు అయిపోతే ఆ ఇంటివాళ్ళని ప్లగ్గు అడుక్కోవడం తలవంపులని. చివరికి బొమ్మ తిరగడం దగ్గరికొచ్చింది.

అల్లుడుగారు హమ్మయ్య అనుకున్నట్టు ముందుకి వంగాడు. “అది సమస్యే కాదక్కా! దానికి తాళం ఉంది. ఇదిగో, పైనుంచి వేలితో ఇలా లాగి ఈ గుర్తు నొక్కితే చాలు. ఇంక బొమ్మ తిరగదు. మీరు ఎలా గీస్తే అలానే ఉంటుంది.”

ఇన్నాళ్ళ కోపానికి మందు ఒక్క వేలి దూరంలో ఉందట. పెద్దాయన మీసం కింద నవ్వు దాచుకున్నాడని కొలతలక్క నాకు ఇప్పటికీ ఒట్టేసి చెప్తుంది.

“ఈ సంగతి చేతికిచ్చిన రోజు చెప్పాలని తోచలేదా మీకు?”

“మీరు అడుగుతారనుకున్నాను అక్కా.”

“కుదరకపోతే ఫోన్ల గది అని ముందే భయపెట్టి, పైగా అడుగుతాననుకున్నారా?”

అల్లుడుగారి మొహం వాడిపోయింది. “ఆ మాట నేను అలా అనుకుని అనలేదక్కా. మీకు సుఖంగా ఉంటుందని...” అని ఆగి, “తప్పే,” అన్నాడు. తరవాత తనే మిషను అందుకుని, తాళం వెయ్యడానికి తెర మీద వేలు పెట్టాడు.

“వద్దు,” అంది కొలతలక్క.

“అదేంటి? తిరుగుతోందనేగా మీ...”

“వద్దన్నానుగా. తిరగనివ్వండి దాన్ని.” మిషను లాక్కుని మళ్ళీ చంకలో పెట్టుకుంది. “ఇందులో ఉన్న మంచి అదొక్కటే. మిగతాదంతా దండగ.”

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. “నాకేం అర్థం కాలేదమ్మా. బాగుందంటావా, బాగోలేదంటావా?”

“బాగోలేదు. కానీ తీసుకెళ్తాను. కాగితం, పెన్సిలు కూడా తీసుకెళ్తాను. ఏ ఇంట్లో ఏది తియ్యాలో నేను చూసుకుంటాను. ఫోన్ల గదిలో మాత్రం కూర్చోను. కూర్చోమంటే ఇప్పుడే చెప్పండి, ఇంటికెళ్ళిపోతాను.”

అల్లుడుగారు మావగారి వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. “పొద్దున మూడో అంతస్తు వాళ్ళు ఫోన్ చేశారు. కోడలుగారు. సింకు కిటికీ కిందే ఖాయం అన్నారు. గట్టు ఎత్తు ఒకసారి చూడాలట, నిన్న వచ్చిన అక్కనే పంపమన్నారు.”

“ఇంకేం, వెళ్ళమ్మా,” అన్నాడు పెద్దాయన. ఆయనకి కార్ఖానాలో గొడవ కంటే ఇష్టంలేని వస్తువు ఇంకోటి లేదు. “మీ అందరికీ ఎలా వీలైతే అలా గీయండి. పెట్టెలు వచ్చాయి కాబట్టి వాడకపోతే నాకు నిద్రపట్టదు, అంతే.”

కొలతలక్క బయటికి వస్తూ గుమ్మంలో వెనక్కి తిరిగి, “ఇంకోసారి అడిగేముందు కొనకండి. కొన్నాక అడక్కండి,” అని మరీ వచ్చింది.

ఆ సాయంత్రం మా గుమ్మం దగ్గర ఇదంతా చెప్తుండగా వాళ్ళన్న ఫోన్ చేశాడు. డ్యూటీ దిగి టీ తాగుతున్నాడట. ఆవిడ స్పీకరు పెట్టి, మళ్ళీ మొదట్నుంచి చెప్పి, చివర్లో అసలు మాట అడిగింది.

“ఒరే అన్నా, చిన్నప్పుడు ఆ పుస్తకం ఒక్కసారైనా నా వైపు తిప్పావట్రా?”

అవతల పెద్ద నవ్వు. “తిప్పి ఉంటే నీకీ ఉద్యోగం ఎక్కడిదే? నీకు ఆ విద్య నేర్పిన గురువుని నేను. గురుదక్షిణ ఎప్పుడిస్తావ్?”

“ఇస్తాను. ఇంటికి రా, చెవి మెలిపెట్టి ఇస్తాను!” అని ఫోన్ కట్ చేసింది. మొహం ఎర్రగా కందిపోయింది. పెదవుల చివర మాత్రం ఏదో కదిలింది.

ఇప్పుడు కొలతలక్క పొద్దున్నే బయల్దేరేటప్పుడు ఒక భుజానికి నల్ల సంచీ, ఇంకో భుజానికి కాగితాల గొట్టం. ఛార్జరు తీగ సంచీలోంచి వేలాడుతుంటే వాళ్ళాయన వెనకనుంచి పరిగెత్తుకొచ్చి లోపలికి దోపుతాడు. నిన్న మెట్ల దగ్గర ఎదురైనప్పుడు ఉండబట్టలేక మళ్ళీ అడిగాను.

“మొత్తానికి ఆ మిషను బాగున్నట్టేనా అమ్మా?”

“బాగోలేదని ఎన్నిసార్లు చెప్పాలి బాబాయ్! భుజం పడిపోతోంది ఇక్కడ!” అని విసుక్కుని నాలుగు మెట్లు దిగింది. అక్కడ ఆగి సంచీ సర్దుకుంది. “ఇవాళ వెళ్ళే ఇంట్లో నలుగురున్నారట,” అంది తలెత్తకుండానే. “నాలుగు వైపులా కూర్చుంటారు కాబోలు.”